లండన్ మ్యూజియంలో సింగరేణి సర్దారు

లండన్ అనగానే మన సినిమా అభిమానికి ఏం కనబడుతుంది? టవర్ బ్రిడ్జి మీద హీరో పరుగు, పెద్ద గడియారం ముందు హీరోయిన్ గొడుగు, పక్కనుంచి ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు వెళ్తుంటే ఇద్దరి మధ్యా ఒక పాట! ‘1 నేనొక్కడినే’ (2014) అక్కడ తిరిగింది. ‘నాన్నకు ప్రేమతో’ (2016) అక్కడే తిరిగింది. ‘తొలిప్రేమ’ (2018)లో సగం అలకలు అక్కడే జరిగాయి. ఇన్ని చూసినవాణ్ణి కనుక విమానం దిగేసరికి ఆ ఊరు నాకు కొత్తగా అనిపించలేదు. అయితే ఒక్క సంగతి. నాకు గుర్తున్నంతవరకు మన హీరో ఎవరూ అక్కడి మ్యూజియం లోపలికి వెళ్ళి ఒక రాయి ముందు అరగంట నిలబడ్డ పాపాన పోలేదు. నిలబడితే ప్రొడ్యూసరు ఊరుకుంటాడా!

నేను నిలబడ్డాను. నిలబెట్టింది మా బాపు.

మాది సెంటినరీ కాలనీ. గోదావరిఖని నుంచి మంథని వెళ్ళే దారిలో, రామగిరి ఖిల్లా కనబడే దూరంలో, సింగరేణి క్వార్టర్ల ఊరు. చుట్టూ ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు, కింద బొగ్గు బావులు. 2023లో ‘దసరా’ వచ్చినప్పుడు నాని ఒంటినిండా బొగ్గు మసి చూసి జనమంతా ఔరా అన్నారు. మాకందులో వింతేముంది? అది మా ఇంటి దండెం మీద ఆరేసిన బనీను రంగే! బాపు ముప్పై ఏళ్ళు బావిలో దిగి మైనింగ్ సర్దారుగా రిటైరయ్యాడు. సర్దారంటే కత్తి పట్టిన వాడని అనుకునేరు. షిఫ్టులో పనివాళ్ళ కంటే ముందు లోపలికి పోయి, పైకప్పు కర్రతో కొట్టి చూసి, గ్యాసుందో లేదో దీపంతో చూసి, ‘ఇగ రాండ్రి’ అని చెప్పే మనిషి. ఆయన చెప్పనిదే పని మొదలుకాదు.

మా చెల్లె, బావ లండన్‌లో ఉంటారు. 2024 వేసవిలో మమ్మల్ని పిలిపించారు. ఊరంతా తిప్పడానికి బావ పెద్ద ప్లాను వేశాడు. నేను మాత్రం ఒకే ఒక్కటి అడిగాను. అమరావతి రాళ్ళు చూపించమని.

బ్రిటిష్ మ్యూజియానికి టికెట్టు లేదు. 1759లో జనానికి తలుపులు తెరిచింది. లోపల ఎనభై లక్షల వస్తువులున్నాయట, పైకి పెట్టినవి అందులో పిడికెడే. ఈజిప్టు మమ్మీల దగ్గర మొదటి రోజు మొదటి ఆటకున్నంత జనం. రోసెట్టా రాయి చుట్టూ మూడు వరసల సెల్‌ఫోన్లు. ఆ తొక్కిసలాటలోంచి బయటపడి 33వ నంబరు హాలు చివరికంటా నడిస్తే అద్దాల గోడ ఒకటి అడ్డం వస్తుంది. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. 33ఎ. మేం వెళ్ళినప్పుడు అందులో మేము, ఒక జపాను జంట, కుర్చీలో కునుకుతున్న గార్డు. అంతే!

ఏం చెప్పమంటారు? గోడల నిండా మనవాళ్ళు! తలపాగాల మగవాళ్ళు, గాజులు మోచేతుల దాకా వేసుకున్న ఆడవాళ్ళు, ఏనుగులు, గుర్రాలు, గుమ్మటం మీద దండలు మోస్తున్న మరుగుజ్జులు. ఒక పలక మీద మాయాదేవి నిద్రపోతోంది, కలగంటోంది, పక్కన బుద్ధుడు పుడుతున్నాడు. ఒకే రాతి మీద కథంతా సీను తర్వాత సీను. మన వాళ్ళు రెండువేల ఏళ్ళ కిందే స్క్రీన్‌ప్లే రాశారన్నమాట, పైగా డైలాగు అవసరం లేకుండా!

బాపు మాత్రం బొమ్మలు చూడటంలేదు. తల పక్కకు వంచి రాయి అంచు చూస్తున్నాడు.

‘‘గిది సున్నపురాయి బిడ్డా’’ అన్నాడు.

‘‘పాలరాయంటరు బాపూ. ఇలియట్ మార్బుల్స్ అనే పేరుండె వీటికి.’’

‘‘ఎవలన్న అననీ. సున్నపురాయే. మన బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీల గిసొంటి రాయినే గద పిండి చేసేది.’’

బాపు మాటే నిజం. పల్నాడు ప్రాంతపు సున్నపురాయి అది. ఆ మాటలో ఇంకో నిజం కూడా ఉందని ఆయనకు అప్పటికి తెలీదు. అమరావతి రాళ్ళలో ఎన్నో నిజంగానే సున్నం బట్టీల్లో కాలిపోయాయి. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అమరావతికి మార్చి కొత్త ఊరు కట్టిస్తుంటే, ఇటుకకీ రాయికీ దగ్గరగా దొరికింది ఈ పాత దిబ్బ. 1797 ప్రాంతంలో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి ఆ సంగతి విని వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలన్నీ కాగితం మీద గీయించాడు. (ఆయన దగ్గర పనిచేసి శాసనాలు చదివిపెట్టిన కావలి సోదరులు మన ఏలూరు వాళ్ళు. వాళ్ళ మీద ఎవరన్నా సినిమా తీస్తే నేను మొదటి టికెట్టు కొంటాను.) 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళను మద్రాసు చేర్చాడు. అక్కడ అవి ఎండకి ఎండి వానకి తడిసి, 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. ఇక్కడ మాత్రం పీట వేసి కూర్చోబెట్టారా? లేదు. కొన్నాళ్ళు గోదాముల్లో, ఆరుబయట పడి ఉన్నాయి. 1880లో గానీ బ్రిటిష్ మ్యూజియానికి రాలేదు. ఇప్పుడున్న ఈ అద్దాల గది 1992లో తెరిచారు. అంటే మన రాళ్ళకి ఒక ఏసీ గది దొరకడానికి ఓడ దిగాక నూటముప్పై ఏళ్ళు పట్టింది!

అందులో ఒక పలక దగ్గర నేను చాలాసేపు ఆగాను. దానికి రెండు వైపులా చెక్కడం ఉంది. మొదటి వైపు క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దానిది. బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కే జనం. బుద్ధుడు మాత్రం కనబడడు. ఆ రోజుల్లో ఆయన్ని మనిషి రూపంలో చూపించేవాళ్ళు కాదు. మూడువందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి వెనకవైపు ఇంకో శిల్పి స్తూపమంతా చెక్కాడు. గుమ్మటం, కంచె, సింహాలు, ఎగిరే దేవతలు. ఇప్పుడు దిబ్బగా మారిన అమరావతి మహాస్తూపం అసలెలా ఉండేదో ఊహించుకోవడానికి పండితులకు దొరికిన ఫొటో అదే.

‘‘రాయి పారెయ్యలే. మల్ల వాడుకున్నరు’’ అన్నాడు బాపు మెచ్చుకోలుగా. బావిలో దిమ్మె కర్రని కూడా వృథాగా పోనివ్వని మనిషి మరి!

తర్వాత అడిగాడు. ‘‘చెక్కినోళ్ళ పేర్లున్నయా?’’

చెక్కినవాళ్ళవి లేవుగానీ ఇచ్చినవాళ్ళవి ఉన్నాయని చెప్పాను. అమరావతిలో దొరికిన శాసనాలు చదివితే ఆశ్చర్యంగా ఉంటుంది. రాజులకంటే మామూలు జనమే ఎక్కువ. వర్తకులు, ఇంటి ఇల్లాళ్ళు, భిక్షుణులు. విధికుడు అనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణకుంభం పలక ఒకటి ఇచ్చానని రాయించుకున్నాడు. తోలు పనివాడు! రెండువేల ఏళ్ళ కింద! ‘నాగబు’ అన్న తొలి తెలుగు మాట కూడా అమరావతి రాతి మీదే దొరికిందని పండితులంటారు.

బాపు చాలాసేపు ఏమీ అనలేదు. ‘‘తోలు పనోని పేరు కూడ రాసిన్రన్నట్టు’’ అన్నాడు చివరికి. ఆ మాటని మిగతా రెండు రోజులూ వెంటబెట్టుకునే తిరిగాడు.

బయటికొచ్చాక బావతో వాదన. ఇవి ఇక్కడుండటం న్యాయమా అని. ‘బ్లాక్ పాంథర్’ (2018)లో లండన్ మ్యూజియం సీను గుర్తుందా? ఆఫ్రికా గొడ్డలి చూపించి ‘మీ తాతలు కొన్నారా దీన్ని?’ అన్నట్టు నిలదీస్తాడు. ఆ సీనుకి మన హాళ్ళలో ఈలలు పడ్డాయి. నేనూ వేశాను. కానీ అమరావతి లెక్క అంత సూటిగా లేదు. అక్కడే ఉంటే కొన్ని సున్నమైపోయేవి, అది ఒప్పుకోవాలి. అలాగని కాపాడినవాడిదే సొమ్మంటే, నిప్పంటుకున్న ఇంట్లోంచి పెట్టె బయటికి తెచ్చినవాడు పెట్టె ఉంచేసుకున్నట్టుంటుంది. పోనీ ఇచ్చేద్దామని ఇక్కడి పెద్దలకు బుద్ధి పుట్టినా, 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం కొద్ది మినహాయింపులతో చెయ్యి కట్టేసింది. నా మట్టుకు నాకు ఇచ్చేస్తేనే బాగుంటుందనిపిస్తుంది. బావ ఒప్పుకోలేదు. చెల్లె ఇద్దరికీ ఐస్‌క్రీము ఇప్పించి నోళ్ళు మూయించింది.

మర్నాడు టవర్ ఆఫ్ లండన్. ఇక్కడ మాత్రం టికెట్టుంది, రూపాయల్లోకి మార్చి లెక్క వేయకపోతేనే ఆరోగ్యం! మేం వెళ్ళింది కోహినూరు కోసం. తర్వాతి ఏడాది ‘హరిహర వీరమల్లు’లో పవన్ కల్యాణ్ వెళ్ళిందీ దానికోసమే కదా! అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువమంది చెప్పేమాట. తిరుగులేని సాక్ష్యం లేదుగానీ, ఆనాటి పెద్ద వజ్రాలకు పుట్టిల్లు ఆ గనులే. మొగలులు, నాదిర్ షా, ఆఫ్ఘన్లు, రంజిత్ సింగు... చేతులు మారి మారి 1849లో లాహోరు ఒప్పందంతో, బాలుడైన దులీప్ సింగు దగ్గరనుంచి ఇంగ్లీషువాళ్ళకి చేరింది. 1852లో సానబెడితే 186 కారెట్లది 105.6 అయింది. 1937లో చేసిన కిరీటంలో పొదిగారు.

ఆ కిరీటాల దగ్గర మనల్ని నిలబడనివ్వరు. కాళ్ళ కింద పట్టా కదులుతుంది, దాని మీద నిలబడితే అదే తీసుకుపోతుంది. ఫొటోలు వద్దు. బాపు కిందికి చూసి ముసిముసి నవ్వులు నవ్వాడు.

‘‘బెల్టు గదరా ఇది! మనకాడ బొగ్గు పోతది, ఈడ మనుషులు పోతున్నరు.’’

నిజమే, కన్వేయర్ బెల్టు! కోహినూరు ముందునుంచి మేము మూడుసార్లు బొగ్గుగడ్డల్లా వెళ్ళాం. మూడోసారి బాపు అడిగాడు. ‘‘తవ్వినోళ్ళ సంగతేమన్న రాసిన్రా?’’ 2023లో కొత్తగా సర్దిన ఈ ప్రదర్శనలో కోహినూరు ఆక్రమణకి గుర్తుగా నిలిచిందని ఒప్పుకున్నారు. అది పాత రోజులకంటే నయమే. ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో కూడా చెప్పారు. మట్టిలోంచి మొదట పైకి తీసిన చెయ్యి ఎవరిదో చెప్పేమాట నాకు ఎక్కడా కనబడలేదు.

ఆ సాయంత్రం బాపుకి టావెర్నియే కథ చెప్పాను. ఫ్రెంచి నగల వర్తకుడు. పదిహేడో శతాబ్దంలో కొల్లూరు గనికి వచ్చి, అక్కడ ఆడ, మగ, పిల్లలు కలిపి అరవైవేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవాళ్ళు.

‘‘అరవైవేలా!’’ బాపు లెక్క వేసుకున్నాడు. ‘‘మన సింగరేణిల ఇప్పుడు గంత మంది లేరు గదరా. ఇప్పుడా గని ఎట్లున్నది?’’

కొల్లూరు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. పులిచింతల ప్రాజెక్టులో మునిగింది. ఆ మాటకి బాపు మాట్లాడలేదు. బావుల్లో నీళ్ళు నిండటమంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

మూడో రోజు నా ప్లాను కాదు, బాపుది. ‘‘వీళ్ళకు బొగ్గు లేదా? బొగ్గు మ్యూజియం చూపియ్యి’’ అన్నాడు. అసలైన బొగ్గు మ్యూజియాలు లండన్‌కి దూరంగా యార్క్‌షైర్‌లో, వేల్స్‌లో ఉన్నాయి, అంత వ్యవధి లేదు. ఊళ్ళోనే రెండు చోట్లకి వెళ్ళాం. సైన్స్ మ్యూజియంలో ‘పఫింగ్ బిల్లీ’ అనే రైలింజను ఉంది. 1813-14లో వైలం బొగ్గు గని కోసం చేశారు. ప్రపంచంలో మిగిలిన ఆవిరి రైలింజన్లలో అన్నిటికంటే పాతది. 1862 దాకా బొగ్గు బండ్లు లాగి, ఆ ఏడే మ్యూజియానికి చేరింది. దాని ముందు పిల్లలు కేరింతలు. బాపు చక్రాలు చూశాడు, బాగుందన్నాడు, నడిచాడు.

రెండోది రాయల్ ఇన్‌స్టిట్యూషన్. ఫారడే పనిచేసిన చోటు. కింది అంతస్తులో చిన్న మ్యూజియం, జనం పెద్దగా ఉండరు. అక్కడ అద్దం వెనక ఒక దీపం చూసి బాపు టక్కున ఆగిపోయాడు. హంఫ్రీ డేవీ దీపం!

1812 మేలో ఇంగ్లండులో ఫెల్లింగ్ అనే గనిలో గ్యాసు అంటుకుని 92 మంది పోయారు. పెద్దవాళ్ళే కాదు, పిల్లలూ ఉన్నారు. ఆ తర్వాత డేవీని పిలిచి ఏదైనా దారి చూపమన్నారు. 1815లో ఆయన కనిపెట్టింది ఎంత సులువో చూడండి. దీపం చుట్టూ సన్నటి తీగ జల్లెడ. వేడిని తీగ లాగేసుకుంటుంది కనుక మంట జల్లెడ దాటి బయటికి రాదు. దాన్ని పేటెంటు చేసుకోలేదు, ఒక్క పెన్నీ ఆశించలేదు. (అదే ఏడాది జార్జి స్టీవెన్‌సన్ కూడా ఇంకో దీపం చేశాడు. ఎవరు ముందన్నదాని మీద ఇద్దరి అభిమానులూ కొట్టుకున్నంత పని చేశారు. ఫ్యాన్సు గొడవలు మనకే ఉన్నాయనుకునేరు!)

బాపు అద్దానికి వేలు ఆనించబోయి ఆగి, గాల్లోనే చూపించాడు.

‘‘ఒత్తిని గింత చిన్నగ చేస్తం. గ్యాసుంటె మంట మీద నీలం టోపీ లేస్తది. టోపీ ఎంత లేస్తె గంత గ్యాసు. గాలి చెడిపోతె దీపమే మలిగిపోతది. అప్పుడిగ ఉరుకుడే.’’

అక్కడ కూర్చున్న అమ్మాయి ఇదంతా చూసి, ఆయనేం చెబుతున్నారని అడిగింది. చెప్పాను. మీ నాన్నగారు ఇలాంటిది చూశారా అంది. ముప్పై ఏళ్ళు ఇలాంటి దీపంతోనే బతికారన్నాను. ఆమె లేచి నిలబడింది. ఇంకొకాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన నీలం టోపీ ఎంత ఎత్తు లేస్తే మనుషుల్ని బయటికి పంపుతారని అడిగాడు. బాపు చూపుడువేలు, బొటనవేలు మధ్య ఖాళీ చూపించాడు. ఆయన ఆ ఖాళీని చూసి తన నోటుబుక్కులో గీసుకున్నాడు. బాపు పేరు అడిగి దాని కింద రాసుకున్నాడు. స్పెల్లింగు నేను చెప్పాను.

తిరిగి వస్తూ బ్యాంకులుండే పేట మీదుగా బస్సు పోతుంటే బాపుకి ఇంకో కథ చెప్పాను. 1871లో డాక్టర్ విలియం కింగ్ మన ఎల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు కదా. దాన్ని తవ్వడానికి 1886లో ‘హైదరాబాద్ దక్కన్ కంపెనీ’ పెట్టింది ఈ లండన్ మహానగరంలోనే. షేర్ల అమ్మకంలో గోల్‌మాల్ జరిగిందని 1888లో ఇక్కడి పార్లమెంటు విచారణ సంఘం కూడా వేసింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. అంటే మా కాలనీ పేరులోని ‘సెంటినరీ’ లెక్క ఇక్కడి కాగితాల మీద మొదలైందన్నమాట.

‘‘ఈడ కాయితాలమ్మిన్రు, ఆడ మేం దిగినం’’ అన్నాడు బాపు. కోపంగా కాదు, హాజరు పట్టీ చదివినట్టు అన్నాడు.

బ్రిటన్‌లో లోతైన బొగ్గు బావి ఆఖరిది 2015 డిసెంబరులో మూతపడింది. మేం ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే, 2024 సెప్టెంబరు 30న, వాళ్ళ ఆఖరి బొగ్గు విద్యుత్ కేంద్రం కూడా ఆగిపోయింది. ఆ వార్త బాపుకి చదివి వినిపిస్తే, ‘‘ఇగ వాళ్ళ దీపాలన్ని అద్దాలల్లకే’’ అన్నాడు. మన దీపాల సంగతి అడగలేదు. మా అటక మీద ఆయన టోపీ, బెల్టు ఉన్నాయి. కాలనీలో ఎన్ని ఇళ్ళ అటకల మీద ఉంటాయో!

లండన్ వెళ్ళొచ్చాక ఒక ఆదివారం బాపే బయల్దేరదీశాడు. మా పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట ఉంది. శాతవాహనుల నాటి కోట, పక్కనే బౌద్ధ స్తూపం. 1970ల్లో తవ్వితే అమరావతి వరసలోనే చెక్కిన సున్నపురాయి పలకలు దొరికాయి. పడగలు విప్పిన ముచలింద నాగు వాటిలో పేరుపడ్డది. ఇంత దగ్గరున్నదాన్ని చూడటానికి ఇద్దరమూ లండన్ మీదుగా వచ్చామన్నమాట! అక్కడ టికెట్టు లేదు, క్యూ లేదు, అద్దాల గోడ లేదు. పొలాలు, గాలి, ఇటుకల దిబ్బ. బాపు ఒక ఇటుకని జానతో కొలిచి, మన ఇటుకకి రెండింతలుందని తేల్చాడు.

మేకలు కాసే పిల్లాడొకడు మా వెంట తిరిగాడు. బొమ్మల రాళ్ళన్నీ ఏవిరా అంటే, ‘‘కొన్ని కరీంనగర్ మ్యూజియంల పెట్టిన్రంట’’ అన్నాడు.

బాపు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ‘‘కరీంనగరా! గది బస్సుకు పొయ్యొచ్చేదే. ఎన్నింటి దాక తెరిసి ఉంటదో అడుగు.’’